కుర్రాళ్ల కొలతలు

కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఆ ప్రొఫెసరు గారిని అందరూ తీగల మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా చిన్న చిన్న చిప్పులతో రోగులకు పనికొచ్చేవి చేయడమే ఆయన పని. మొదట గుండె చప్పుడు లెక్కపెట్టే పెట్టె, తర్వాత గుంట ఎదురైతే కూతపెట్టే చేతికర్ర. ఇప్పుడు పక్షవాతంతో బిగుసుకున్న వేళ్లను తెరిపించే తొడుగు. కండరంలో పుట్టే సన్నటి కరెంటును పసిగట్టి, మోటార్లతో వేళ్లు లాగుతుంది.

విద్యార్థులకు తొడిగితే చకచకా పనిచేసింది. ఆస్పత్రిలో పక్షవాతంతో చెయ్యి బిగుసుకున్న ఒక ముసలి దర్జీకి తొడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇది మూడోసారి.

"ఈ పూటా కదలకపోతే ఈ పరీక్షలోంచి ఈయన పేరు తీసేయాలండీ. వరసలో ఇంకా మనుషులున్నారు," అంది డాక్టరమ్మ.

దర్జీ కత్తెర పట్టక ఏడాదైంది.

"వేళ్లు తెరవాలని నేను లాగుతూనే ఉన్నానయ్యా! మీ తొడుగుకే చెవుడు!"

"చొక్కా గుండీ పెట్టడానికి నేను కావాలి, నోరు మాత్రం తగ్గదు," అంది పెళ్లాం.

"నువ్వుండవే." దర్జీ తొడుగును ఎగాదిగా చూశాడు. "మాస్టారూ, ఇది ఎవరి కొలతలకు చేశారు?"

"మా కాలేజీ పిల్లలవే. ఇరవై మంది చేతులు చూశాం."

"కుర్రాళ్ల కొలతలతో చేసి ముసలోడికి తొడిగితే ఎలాగండీ?"

మాస్టారు చటుక్కున తొడుగు వంక చూశారు. తప్పు గుడ్డలో లేదు, లోపలి లెక్కలో ఉంది! కుర్రాళ్ల కండరాలు గట్టిగా పలుకుతాయి. అంతకన్నా చిన్న కరెంటంతా ఉత్త రొద, చెరిపేయమని చిప్పుకు చెప్పింది తనే. దర్జీ పడ్డ కష్టమంతా చెత్తబుట్టలోకి పోతోంది!

"నాదే తప్పు! నాదే!" అంటూ కుర్చీని తన్నుకుంటూ వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూలబడ్డారు. ఆ లెక్క తీసేశారు. తెర మీద అప్పటిదాకా చదునుగా పడుకున్న దర్జీ కండరం గీత సన్నగా వణికింది.

"లాగండి... వదిలేయండి... మళ్లీ లాగండి!"

లాగినప్పుడల్లా గీత రవ్వంత లేస్తోంది, వదిలితే పడుకుంటోంది. ఆ రవ్వంత మీదే మాస్టారు కొత్త హద్దు పెట్టారు.

"ఇప్పుడు!"

మోటార్లు గుర్రుమన్నాయి. చూపుడువేలు లేచింది. దాని వెనకే మిగతావి. పిడికిలి విప్పారింది.

"అమ్మో, తెరుచుకుంది!" పెళ్లాం డాక్టరమ్మను వాటేసుకుంది. మాస్టారు చిన్నపిల్లాడిలా గెంతారు.

"ఇంకోసారి," అన్నాడు దర్జీ. తెరుచుకుంది. "ఇంకోసారి."

పదోసారికి డాక్టరమ్మ నవ్వుతూ అడ్డుపడింది. "చాలండీ, చెయ్యి అలిసిపోతుంది!"

"ఏడాదంతా పడుకునే ఉందిగా తల్లీ," అన్నాడు దర్జీ, మళ్లీ లాగుతూ.