భాద్రపదంలో ధనియాల కోత

నేను ఒక పరీక్ష అట్టను. పైన ఇనుప క్లిప్పు, కింద చెక్కపొట్టును అదిమి చేసిన గోధుమరంగు ఒళ్లు. కలం గొప్పదని కొందరంటారు, కాగితం గొప్పదని కొందరంటారు. కాగితం కింద ఇంకొకటి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అదే నాకు మేలు చేసింది. గుర్తుండి ఉంటే నా ముందు ఇన్ని అబద్ధాలు ఆడేవాళ్లు కాదు.

కరీంనగర్లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాకు క్లిప్పు బిగించినవాడు జీవితంలో ఒక్క పరీక్షా రాయలేదు. రోజుకు రెండు వందల అట్టలకు క్లిప్పులు బిగించి, సాయంత్రం బీడీ వెలిగించి, "గీ పోరగాండ్లందరు సదివి ఏం జేస్తరో" అని నవ్వేవాడు. ఆయనకున్న అనుమానం నాకూ అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

నన్ను మొదట పట్టుకున్న చేతులు రాజమణివి. ఈదులకుంట ఊరి పిల్ల. పదో తరగతి పరీక్షలకని వాళ్ల నాయన సైకిలు మీద వచ్చి నన్ను కొనుక్కుపోయాడు. ఆ రాత్రే ఆమె కంపాస్ ముల్లుతో నా వీపు మీద 'ఇ. రాజమణి, పదో తరగతి' అని లోతుగా గీసుకుంది. నొప్పేసింది గానీ, పేరున్న వస్తువునయ్యానని సంతోషించాను. ఆమె ఫస్టు క్లాసులో పాసైంది. ఆ మరుసటి నెలే పెళ్లయింది. చీరల మధ్య పెట్టెలో పడుకుని నేనూ అత్తవారింటికి వెళ్లాను.

పెళ్లికొడుకు గుండేటి విఠల్. కరీంనగర్ బజార్లో బట్టల దుకాణం పైన మేడమీద పుట్టి పెరిగిన మనిషి, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మట్టితో ఆయనకున్న బంధుత్వం చెప్పులకు అంటుకున్నంతవరకే. పెట్టె సర్దుతుంటే నన్ను చూసి, "గీ అట్ట మంచిగున్నది, నాకుండనియ్" అన్నాడు. రాజమణి ఒక్క క్షణం నా వీపు నిమిరి ఇచ్చేసింది. కొత్త కోడలు మరి, ఏమంటుంది?

అప్పటినుంచి నలభై ఏళ్లు ఆయన ఒళ్లోనే ఉన్నాను. నా మీద పదకొండు నవలలు రాశాడు. పేరు కూడా మార్చుకున్నాడు. మా దిక్కు ఎర్రనేల మెట్టచేనును చెల్క అంటారు. ఆయన 'చెల్కబిడ్డ' అయ్యాడు. ఈదులకుంట తన సొంత ఊరని మొదటి నవల వెనక అట్ట మీద వేయించుకున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అత్తగారి ఊరిని ఇలా పాఠకులకు ధారపోసినవాడు ఈయనొక్కడే అనుకుంటాను.

కోడికూతకు లేచి, తూర్పు తిరిగి, నేలమీద కూర్చుని రాస్తానని పత్రికలవాళ్లకు చెబుతాడు. ఆయన లేచేది ఎనిమిదిన్నరకు. ఉప్మా తిని, మూడు పేపర్లు తిరగేసి, ఎవరికి ఏ సన్మానం జరిగిందో చూసి నిట్టూర్చి, ఏ రచయితైనా పోతే ఆ వార్తకు ఎంత జాగా ఇచ్చారో స్కేలుతో కొలుస్తాడు. రేపు తన వంతు వస్తే అంతకంటే తక్కువ ఇస్తారేమోనని దిగులు. తర్వాత మూడో అంతస్తు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎండ పడకుండా వెనుక ఉన్న ఖాళీ ప్లాటుకు వీపు పెట్టి, నన్ను ఒళ్లో పెట్టుకుంటాడు. హైదరాబాదు వచ్చిన పదిహేనేళ్లలో ఆయన ఆ ప్లాటు వైపు తిరిగి చూడగా నేను చూడలేదు. కరెంటు పోతే నాతో విసురుకుంటాడు. నిజం చెప్పాలంటే రాతకంటే విసనకర్రగానే నేను ఎక్కువ పనికొచ్చాను.

ఇక రాత ఎలా సాగుతుందంటే, ఇలా.

"ఏమే, పెసర ఎన్నొద్దులకు కోతకస్తదే?"

వంటింట్లోంచి జవాబు. "అరవై, అరవై అయిదొద్దులకు."

"నాగలిల చేత్తోని పట్టుకునేదాన్ని ఏమంటరే?"

"మేడి."

అరగంట తర్వాత, మా రైతు మేడి పట్టి నిలబడితే ఆకాశం దిగివచ్చి దండం పెట్టిందని నా మీద రాసి ఉంటుంది. ఆకాశం ఆయనది, మేడి ఆమెది. పదకొండు నవలల ముందుమాటల్లోనూ కృతజ్ఞతలున్నాయి. ఈదులకుంట మట్టికి, వాగుకు, ఎల్లమ్మ తల్లికి, బొమ్మ గీసినవాడికి, చివరికి రాముడనే ఎద్దుకు కూడా. ఆ ఎద్దు రాజమణి వాళ్ల నాయనది. ఎద్దు పేరు వేసిన మనిషికి దాన్ని మేపిన పిల్ల పేరు వేయడానికి చోటు చాల్లేదు.

పాపం, ఆయనకు భయాలు కూడా తక్కువేమీ కాదు. లిఫ్టు ఆగిపోతుందని భయం, బల్లి మీద పడుతుందని భయం. అన్నిటికంటే పెద్దది, సభల్లో చివర 'ప్రశ్నలు అడగవచ్చు' అనే మాట. ఏ మూలనుంచో తలపాగా చుట్టిన మనిషి లేచి "సారూ, గది తప్పు" అంటాడేమోనని ఆయన అరచేతులు చెమటలు పట్టేవి. ఆ చెమట నాకు బాగా తెలుసు, నా అంచులు రెండూ దానికే నల్లబడ్డాయి. ఎవరైనా మంచినీళ్ల కోసం లేచినా ఈయన గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకునేవాడు.

భయం ఎక్కువైనప్పుడల్లా ఆయనకు రాష్ట్రం మీద ప్రేమ పొంగేది. ప్రేమ లేదనను. రాష్ట్రం వచ్చిన నాడు ఆయన నిజంగానే ఏడ్చాడు, ఆ కన్నీళ్లు నా మీదే పడ్డాయి, అవి అసలైనవి. అయితే మర్నాడు రాష్ట్ర పటం ఉన్న పెద్ద స్టిక్కరు తెచ్చి నా వీపు మీద అంటించాడు. సరిగ్గా ముల్లుతో గీసిన ఆ పేరు మీద. రాజమణి చూసింది. "మంచిగున్నది" అంది.

నిరుటి భాద్రపదంలో ఒక టీవీవాళ్లు ఫోన్ చేశారు. భాషా దినోత్సవానికి 'మట్టి మనిషి' అని కార్యక్రమం, ఆయన సొంత ఊళ్లో, ఆయన చేనుగట్టు మీద తీస్తారట. ఆయన ముఖం వెలిగి, వెంటనే ఆరింది. గట్టు మీద ఏదైనా అడిగితే వంటిల్లు దగ్గర్లో ఉండదు కదా!

రాజమణి ఆ పూటే జరీ అంచు చీర ఇస్త్రీ చేసుకుంది. పుట్టినూరు చూసి రెండేళ్లయింది. చిన్నమ్మ లచ్చవ్వకని మురుకులు చేసి డబ్బాకెత్తింది. పొద్దున కారు వచ్చాక ఆయన చెప్పులేసుకుంటూ అన్నాడు. "కార్ల జాగ లేదే. కెమెరాలే మస్తుగున్నయి."

నాకు మాత్రం జాగా దొరికింది. వెనుక సీట్లో ఇంకొక మనిషి కూర్చునేంత ఖాళీలో నేనూ, మురుకుల డబ్బా ఒరిగి కూర్చున్నాం.

"సరే తియ్, డబ్బ చిన్నమ్మకియ్యి" అంది రాజమణి, చీర మడత పట్టుకునే.

ఈదులకుంట చేరేసరికి మురుకులు అయిపోయాయి. కెమెరా అబ్బాయి బాగున్నాయని మెచ్చుకున్నాడు కూడా. చేను లచ్చవ్వదే. బోరు ఎండిపోయి ఆ ఏడు బీడు పెట్టారు. అది ఎవరూ చెప్పలేదు, ఈయన ఎవరినీ అడగలేదు. వానలకు నడుమెత్తు మొక్కలు పెరిగి చేనంతా తెల్లటి చిన్న పూలు విరగబూసి ఉన్నాయి. చీలికల ఆకు, కొత్తిమీర ఆకులాగే ఉంది.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, తుమ్మచెట్టు చాటుకు వెళ్లి, రాజమణికి మూడుసార్లు చేశాడు. సిగ్నల్ లేదు. తిరిగొచ్చాక, టీవీ అమ్మాయి స్నిగ్ధ మైకు పెట్టి, "ఇది ఏ పంట సార్?" అని అడిగింది. ఆమె కూకట్‌పల్లి అపార్టుమెంటు పిల్ల.

నలభై ఏళ్ల భయం అంతా కలిసి ఒక్కసారిగా ధైర్యమైనట్టుంది. ఆయన చేన్లోకి దూకాడు. నన్ను చంకన ఇరికించుకుని, రెండు చేతులా పూలగుత్తులు దూసి ముఖానికి అద్దుకున్నాడు.

"కొత్తిమీర, బిడ్డా! ధనియాలకొచ్చిన కొత్తిమీర! గీ వాసన పీల్చే నేను పెరిగిన. గిసొంటి పంట మా తెలంగాణల తప్ప పెపంచంల ఇంకేడ పెరగది!"

అది వయ్యారిభామ. ముట్టుకుంటే ఒళ్లు దద్దుర్లెక్కే కలుపు. పరదేశం నుంచి వచ్చి పడిందంటారు, ఇప్పుడది పెరగని రోడ్డుపక్క లేదు. హైదరాబాదులో ఆయన పదిహేనేళ్లుగా వీపు పెట్టి కూర్చున్న ఖాళీ ప్లాటు నిండా అదే ఉంది.

గట్టు అవతలినుంచి లచ్చవ్వ చేతులూపుతూ అరిచింది. "అల్లుడా! ఓ అల్లుడా! ముట్టకు, ముట్టకు! ఇవతలికి రా!"

"చూసిండ్రా," అన్నాడాయన గద్గదంగా, "చేన్ల కాలువెడితె మా తల్లుల పానం ఎట్ల కొట్టుకుంటదో!"

"మరి అల్లుడా అంటున్నారేంటి సార్?"

"మా దిక్కు పేమగ అందర్ని గట్లనే పిలుస్తరు."

కెమెరా అబ్బాయి పెదవి బిగబట్టుకున్నాడు. వాడిది పల్లెటూరే అయి ఉంటుంది. కానీ వాడికిచ్చిన పని తీయడమే, చెప్పడం కాదు.

చివరి ప్రశ్న. "ఇన్ని నవలలు, ఇంత వ్యవసాయ జ్ఞానం... మీ వెనుక ఎవరున్నారు సార్?"

ఆయన నన్ను గుండెకు హత్తుకున్నాడు. పటం కెమెరా వైపు, పేరు పటం కింద. అప్పటికే ఆయన కళ్లు ఎర్రబడి ధారలు కారుతున్నాయి. పుప్పొడి తన పని చేసుకుపోతోంది. "ఎవలు లేరమ్మా. నేను, నా మట్టి. గంతే."

స్నిగ్ధ కూడా ఏడ్చింది. లచ్చవ్వ గట్టు దిగి వచ్చేసరికి కారు కదిలిపోయింది.

ఆ కార్యక్రమాన్ని రాజమణి హాల్లో కూర్చుని చూసింది, నేను టీపాయి మీదున్నాను. అంతకుముందే చిన్నమ్మ ఫోన్ చేసి నవ్వలేక నవ్వలేక అంతా చెప్పింది. మురుకులు అందలేదని కూడా చెప్పింది. 'ఎవలు లేరమ్మా' దగ్గర రాజమణి రిమోట్ తీసి శబ్దం తగ్గించింది. పెద్దగా ఏమీ చేయలేదు, శబ్దం మాత్రం తగ్గించింది.

వారం రోజులు ఆయన ముఖం పూరీలా పొంగి ఉంది. ఎండ దెబ్బ అన్నాడు. ఆమె కొబ్బరినూనె రాసింది. పాఠకులంతా ఫోన్లు చేసి, సార్ మీ కన్నీళ్లు చూసి మేమూ ఏడ్చామన్నారు. కలుపని ఒక్కరూ అనలేదు. ఆ ఉత్సాహంలో ఆయన పన్నెండో నవల మొదలుపెట్టాడు. పేరు 'తెల్లపూల చేను'. అందులో గుండెకాయలాంటి ఘట్టం ధనియాల కోత. రాయబోతూ అలవాటుగా కేకేశాడు.

"ఏమే, కొత్తిమీర భాద్రపదంల కోతకస్తది గదనే?"

ఆయన కలం ఎత్తి పట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆ వంటింటి నుంచి తప్పు మాట రాలేదు. అటుపక్క కుక్కర్ రెండు కూతలు కూసింది. తర్వాత ఆమె గొంతు.

"ఆ, అస్తది."

ఆయన రాశాడు. ఒత్తి ఒత్తి రాశాడు. ఆ అక్షరాల గాట్లు ఇప్పటికీ నా మీద ఉన్నాయి.

పుస్తకం వచ్చింది. సభలో నలుగురు వక్తలు ఆ కోత గురించే మాట్లాడారు. పుట తిప్పుతుంటే ధనియాల వాసన వచ్చిందని ఒకాయన కళ్లు మూసుకున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, ఇంకొకాయన ఇది భాద్రపద సౌందర్యానికి పరాకాష్ఠ అన్నాడు. ప్రశ్నల వేళ వచ్చింది, పోయింది. ఎవరూ లేవలేదు. ఆ రాత్రి ఆయన చేతులకు చెమట పట్టలేదు.

పదిహేను రోజులకు ఒక ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. ప్రకాశం జిల్లా నుంచి ఒక రైతు. "అయ్యా, మీ నవల ఇష్టంగా చదివాను. చిన్న సందేహం. మా వైపు కొత్తిమీర కార్తీకంలో చల్లి మాఘంలో కోస్తాం. భాద్రపదంలో కోసే రకం మీ దగ్గర ఉంటే గుప్పెడు విత్తనాలు పంపగలరా?"

ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఎనిమిది పేజీలు జవాబు. మా మట్టి వేరు, మా వాన వేరు, పక్క రాష్ట్రంవారికి మా కాలాలు బోధపడవు, మా పంటనూ మా భాషనూ తప్పుపట్టే రోజులు పోయాయి. రాసి, వంటింటి గుమ్మంలో నిలబడి గొంతెత్తి చదివాడు. రాజమణి చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా విన్నది.

"ఎట్లున్నదే?"

"మంచిగున్నది. గని ఆయన జెప్పిందే నిజం. మనదిక్కు గూడ మాఘంలనే కోస్తరు."

"మరి నువ్వే గద..."

"నువ్వు మొకానికి రాసుకున్నది కొత్తిమీర గాదు. వయ్యారిభామ. చిన్నమ్మ గందుకే ఒర్రింది. అగో, నీ ఎన్కకే ఉన్నది సూడు."

ఆయన బాల్కనీలోకి వెళ్లాడు. పదిహేనేళ్లలో మొదటిసారి కుర్చీ అటు తిప్పి చూశాడు. ప్లాటు నిండా తెల్లపూలు. కాసేపటికి కాగితాలతో సహా నన్ను పట్టుకుని లోపలికి వచ్చాడు. నా అంచులు మళ్లీ తడిశాయి. నలభై ఏళ్ల కాపురంలో ఇప్పుడైనా ఒక మంచి మాట వస్తుందని ఎదురుచూశాను, ఒట్టు.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఎవలికన్న జెప్పినవా?"

రాజమణి చిక్కుడు గింజ గిన్నెలో వేసింది.

"నన్నెవలడిగిండ్రు?"

ఎనిమిది పేజీల ఉత్తరం మర్నాడు పోస్టులో పడింది. పోస్టుకు పోయే ముందు ఆయన కాగితాలు తీసుకుంటుంటే, రాజమణి చెయ్యి చాపి, "అట్ట నాది, ఇటియ్యి" అంది. ఆయన ఇచ్చేశాడు. ఇప్పుడు కొత్త ప్లాస్టిక్ ప్యాడు మీద రాస్తున్నాడు, వంటింటినైతే ఏమీ అడగడం లేదు.

నేను బాల్కనీ గోడ మీద ఎండలో ఉంటున్నాను. లచ్చవ్వ పంపిన ధనియాలను ఆమె నా మీద ఎండబోస్తుంది. ఎండకూ తడికీ వీపు మీది పటం ఒక పక్క లేచింది, కింద 'రాజ' వరకు కనిపిస్తోంది. ఆమె దాన్ని పీకలేదు, తిరిగి అంటించనూ లేదు. ఇది మాఘమాసం, గింజలు ఘుమఘుమలాడుతున్నాయి. లోపల హాల్లో 'తెల్లపూల చేను' రెండో ముద్రణ కట్టలు దిగాయి. అందులోనూ కోత భాద్రపదంలోనే.