ముద్ర పడని మిషన్

మిషన్ మీద రాత్రికి రాత్రే పేరుకున్న బొగ్గుదుమ్మును అనసూర్య కుంచెతో దులుపుతోంది. శ్రీరాంపూర్ దారిలోని ఆ చిన్న దవాఖానలో కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. అందుకే చనిపోయిన తన బాపు నీలం యూనిఫాం చొక్కా కుట్లు విప్పి, కంప్యూటర్‌కు తొడుగు కుట్టింది. జేబును మాత్రం కోయలేదు. కుంచె ఉండేది అందులోనే.

ఈ రోజు దులిపిన చోటే మళ్లీ దులుపుతోంది.

"తీసేసినవా?" మేనేజర్ ఉపేందర్‌రావు గుమ్మంలోంచే అడిగాడు.

"ఇంకా లేదు సార్."

"నీకు దండం పెడ్తనమ్మా. ఆఫీసరు బయలెల్లిండట."

ఆ మిషన్‌లో నడిచేది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాని లోపలి రాతను ఎవరైనా చదవొచ్చు, బాగు చేయొచ్చు. సర్కారు దాన్ని పరీక్షించి, భద్రమైనదేనని ముద్ర వేస్తుంది. అయితే ఆ ముద్ర పరీక్షకు నిలిచిన రూపానికే. ఒక్క వరుస మారినా మళ్లీ మొదటికే. పోయిన వారం అందులో ఒక కన్నం బయటపడింది. దొంగలు అందులోంచి దూరి ఫైళ్లకు తాళం వేస్తున్నారు. దాన్ని మూసే ప్యాచ్ రాగానే, గోడకు పాము కన్నం కనబడితే పూడ్చినట్టు, అనసూర్య వేసేసింది. ఇప్పుడదే తప్పై కూర్చుంది.

"ముద్ర పడ్డంక మళ్ల వేసుకోరాదు?"

"వేస్తే ముద్ర రద్దయితది సార్."

"అయితే వెయ్యకు. మన కొంపకు ఏ దొంగ వస్తడు? ఇయ్యాల ముద్ర పడకుంటే మిషన్ బంద్, నీ కాంట్రాక్టు బంద్. ఇంట్ల మీ అవ్వకు నువ్వొక్కదానివే ఆధారం. జర సోంచాయించు."

అనసూర్య ఆలోచించింది. ప్యాచ్ తీసేసింది. తీయమంటావా అని మిషన్ ఒకసారి అడిగింది. మీట నొక్కిన వేలిని చీర కొంగుకు తుడుచుకుంది.

ఆఫీసరు విద్యాధర్ నెమ్మదస్తుడు. ఒక్కొక్కటే సరిపోల్చుకుంటూ పోయాడు. అన్నీ కుదిరాయి. ఉపేందర్‌రావు చాయ్‌కి కేకేశాడు. విద్యాధర్ సంచిలోంచి ముద్ర స్టిక్కర్ తీసి, వెనక కాగితం ఒలిచాడు.

అప్పుడే గాజుకిటికీలో ఎల్లేశం ముఖం కనబడింది. బాపుతో బొగ్గుబాయిల పనిచేసిన మనిషి. రెండు మాటలకోసారి దగ్గు.

"బిడ్డా, నా పేరు పక్కపొంటి ఎర్రక్షరాలున్నయి గదా? పోయినసారి లెక్క ఆ పడని గోలి ఇస్తరేమోనని భయమైతుంది."

"ఉన్నయి కాకా," అంది అనసూర్య. ఫైళ్లకు తాళం పడితే ఆ ఎర్రక్షరాలు ఎవరికి కనబడతాయి?

"సార్, జర ఆగుండ్రి."

స్టిక్కర్ విద్యాధర్ వేలికొనకు అంటుకునే ఉంది. ఆమె అంతా చెప్పింది.

"ఆ కన్నం సంగతి నాకూ తెలుసమ్మా. పైకి రాసిన," అన్నాడు విద్యాధర్. "కానీ నా చేతుల ఉన్న ముద్ర పాతదానికే."

"అయితే వద్దు సార్."

అతని ముందే ప్యాచ్ మళ్లీ వేసింది. అతను స్టిక్కర్‌ను కాగితం మీదికి తిరిగి అంటించాడు. "మిషన్ బంద్ చేయక తప్పదు. సాయంత్రం దాకా టైమిస్త."

"నోరు ఊకుండదా నీకు?" ఉపేందర్‌రావు తల పట్టుకున్నాడు. "చాయ్ తాగేటంత సేపు ఊకుంటే అయిపోయేది గదమ్మా!"

ఆ పూటంతా అనసూర్య తల ఎత్తలేదు. మందులు పడనివాళ్ల వివరాలన్నీ ప్రింటు తీసి, ఎవరి మందుల కార్డుకు వారిది అంటించింది. పొద్దు వాలుతుండగా, తనకు కాంట్రాక్టు ఇచ్చిన ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. "మంచిది సార్" అని పెట్టేసింది.

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, దుమ్ముకు ముఖం చుట్టూ స్కార్ఫ్ కట్టుకుంది. బెంచీ మీద ఎల్లేశం తన కార్డు పట్టుకుని ఉన్నాడు.

"రేపొస్తవా బిడ్డా?"

"కార్డు పైలంగ దాచుకో కాకా."

నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. బాపు చొక్కా తీసుకుపోదామనుకుంది. కిటికీ సందులోంచి దుమ్ము రాలుతూనే ఉంది. ఆరిపోయిన మిషన్‌కు తొడుగు తొడిగి, గుండీలన్నీ పెట్టి వెళ్లిపోయింది.

నీలం జేబులోంచి నల్లబడిన కుంచె కొస బయటికి కనిపిస్తోంది.