సత్తెమ్మ కిటికీలో దూరిన గాలి

జనగామలోని నా దుకాణం నుంచి బయలుదేరినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక ఇనుప ర్యాకు, పది గజాల పచ్చ తీగ, హన్మంత్ ఇచ్చిన మాట. హన్మంత్ ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తాడు. మహబూబాబాద్‌లో ఆఫీసుకని అతను కిరాయికి తీసుకున్న గదిలో ఈ ర్యాకు పేచీ లేకుండా నిలబడితే, భూపాలపల్లిలో పెట్టబోయే రెండు ర్యాకులూ నా దగ్గరే కొంటానన్నాడు.

ర్యాకు అంటే బీరువా లాంటిదే. లోపల ఇంటర్నెట్ పెట్టెలుంటాయి. వాటి నుంచి కొంత కరెంటు ఇనుములోకి జారుతుంది కాబట్టి దాన్ని భూమిలోకి దింపాలి. అందుకు లోతుగా గుంత తవ్వి, రాగి రేకు పెట్టి, ఉప్పూ బొగ్గూ నింపి, అక్కడి నుంచి ర్యాకుకు తీగ లాగాలి. ఖర్చు ఆరు వేలు. నేను ఆ పచ్చ తీగను పక్కనే ఉన్న కిటికీ చువ్వకు చుట్టేసి, ఆరు వేలు మిగుల్చుకున్నాను.

రెండో నెలలో హన్మంత్ ఫోన్ చేశాడు.

"శ్యామన్నా, ఇంటామె సత్తెమ్మక్క గది ఖాళీ చెయ్యమంటాంది. ఇంట్ల దయ్యం గాలి సొచ్చిందట."

"గాలికీ నీ కిరాయికీ ఏం సంబంధమే?"

"మేం వచ్చినంకనే సొచ్చిందట. ఖాళీ చేసుడైతే నీ ర్యాకు నువ్వే తీస్కపో. భూపాలపల్లి ముచ్చట గూడ మర్చిపో."

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కిటికీకి నిమ్మకాయలు వేలాడుతున్నాయి. బట్టలారేసే ఇనుప దండెం ఒక కొస అదే చువ్వకు కట్టి ఉంది.

"తడిచీర ఆరేస్తే చెయ్యి గుంజుతాంది తమ్మీ," అంది సత్తెమ్మ. "భూతవైద్యుడు కోడిని కోసి పోయిండు. అయినా తగ్గలే."

నాకు సంగతి అర్థమైంది. చప్పుడు చేయకుండా గుంత తవ్వి తీగ మారిస్తే గాలి పోతుంది. పేరు భూతవైద్యుడికి పోయినా నా పరువు నాకు మిగులుతుంది. లెక్క బాగానే ఉందనుకుని, బజారుకు వెళ్లి ఉప్పు బస్తా, బొగ్గు సంచి, రాగి రేకు ఆటోలో తెచ్చి దించాను.

సత్తెమ్మ ఒక్కొక్కదాన్నీ చూసింది.

"ఉప్పు, బొగ్గు, రాగిరేకు. నా ఇంట్ల పాతిపెడ్తవా? ఎవలు పంపిన్రు నిన్ను, మా తోటికోడలా?"

"ఇది ఎర్తింగ్ అక్కా."

"పేరేదైతేంది? చేతబడి చేసేటోళ్లు గూడ గివే పాతిపెడ్తరు."

కుర్చీ తెచ్చుకుని, గుంత కోసం నేను గీత గీసిన చోటే కూర్చుంది. ఇక అబద్ధం చెబితే రెండు ర్యాకులు పోతాయి. నిజం చెబితే పరువొక్కటే పోతుంది. చువ్వకు టెస్టర్ ఆనించి చూపించాను, బల్బు వెలిగింది. మెయిన్ ఆపి పచ్చ తీగ విప్పి, మళ్లీ కరెంటు వేసి ఆనించాను. వెలగలేదు.

"గాలి కాదక్కా, కరెంటు. తీగ గీడ చుట్టింది నేనే."



"అంటే రెండు నెలల సంది నా చెయ్యి గుంజుతాంది నువ్వా?"

"నేను కాదక్కా, నా తీగ."

"భూతవైద్యుడు కోసింది గుడ్లు పెట్టే నాటుకోడి తమ్మీ."

"కోడిని తెచ్చిస్తనక్కా."

"గుడ్ల లెక్క నేనింక చెప్పలే."

రెండు కోళ్లకు బేరం తెగింది. అప్పుడు లేచి చెయ్యి చూపింది. "గక్కడ తవ్వు. అంట్లు తోమిన నీళ్లు గక్కడికే పోతయి. నా ఫ్రిజ్‌కు గూడ తీగ గుంజాలె." తడి నేల కంటే ఎర్తింగ్‌కు మంచి చోటు ఏముంటుంది? అయినా నష్టపోతున్నవాడిలా కాసేపు మూలిగి ఒప్పుకున్నాను.

సాయంత్రానికి పని పూర్తయింది. ర్యాకు మీద రంగు గీకి, తీగను ఇనుముకే బోల్టుతో బిగించాను.

"ముందు నువ్వు దండెం ముట్టు," అంది సత్తెమ్మ. "చెప్పులిడిచి. చేతులు తడుపుకో."

టెస్టర్‌తో రెండుసార్లు చూసుకుని, మనసులో దండం పెట్టుకుని ముట్టాను. ఏమీ కాలేదు. అప్పుడు ఆమె చీర ఆరేసింది.

గది ఖాళీ చేయించలేదు. భూపాలపల్లి ర్యాకులు రెండూ హన్మంత్ నా దగ్గరే కొన్నాడు, గుంతల ఖర్చు వేరే ఇచ్చి. మహబూబాబాద్ గుంతకు ఆరు వేలు, కోళ్లకు రెండు వేల నాలుగు వందలు, ఫ్రిజ్ తీగకు మూడు వందలు పోను, మూడు ర్యాకుల మీద నాకు మిగిలింది పదకొండు వేల మూడు వందలు.