పదిహేడో నంబరు పగడం, నేనూ

నేను ఒక హీటర్ని. జానెడు గాజు గొట్టం, లోపల చుట్టలు చుట్టిన తీగ, దాని చుట్టూ సన్నటి ఇసుక, పైన రెండు లోహపు రేకులు. నీళ్లు చల్లబడితే ఆ రేకులు ఒకదాన్నొకటి తాకుతాయి, నేను కాగుతాను. కావలసినంత వేడెక్కగానే విడిపోతాయి, నేను ఊరుకుంటాను. నా బుద్ధంతా ఆ రెండు రేకుల్లోనే ఉంది. నవ్వకండి. అంతకన్నా తక్కువ బుద్ధితో పెద్ద పెద్ద పనులు చేసేవాళ్లని చాలామందిని చూశాను.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో చెప్పుకోవడానికి ఏమీ లేదు. రోజుకు మూడు వందల గొట్టాలు బిగించే అమ్మాయి నన్నూ బిగించి పక్కన పడేసింది. తర్వాత విశాఖపట్నంలో ఒక రంగుచేపల కొట్లో ఏడాదిపాటు ఉన్నాను. చేపలు నా పక్కకు చేరి కదలకుండా నిలబడేవి. నన్ను ఇష్టపడిన ప్రాణులు అవే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అక్కణ్ణించి నన్ను కొనుక్కెళ్లినావిడ డాక్టర్ సువర్చల. అండమాన్‌లో ఒక చిన్న దీవి ఒడ్డున ఆవిడ ప్రయోగశాల. సముద్రం ఏటికేడు వేడెక్కిపోతోంది, ఆ వేడికి పగడాలు తెల్లబడి చచ్చిపోతున్నాయి, చావనివి ఎందుకు చావడం లేదో వాటి జన్యువుల్లో వెతకాలి. ఇదీ ఆవిడ పని. చావనివి ఏవో తెలియాలంటే ముందు అన్నింటినీ చంపి చూడాలి. ఇదీ నా పని.

ఆవిడకి కావలసిన పగడాలను నీళ్లలో మునిగి తెచ్చేవాడు వాసుపల్లి ఎర్రయ్య. వాళ్ల తాత శ్రీకాకుళం తీరం నుంచి ఆ దీవికి వలసొచ్చాడట. ఏ రాయి కింద ఏ చేప కాపురముంటుందో చెప్పగలడు. అతను ఇరవై చోట్ల నుంచి ఇరవై ముక్కలు తెచ్చాడు. వాటికి నంబర్లు కట్టి తొట్టిలో పెట్టారు. నన్ను రోజుకో డిగ్రీ పెంచారు.

పగడం చావడం మీరెప్పుడైనా చూశారా? అది అరవదు, కొట్టుకోదు. దాని ఒంట్లో కాపురముంటూ దానికి తిండి పెట్టే సన్నటి నాచుని వేడి భరించలేక తనే బయటికి తోసేస్తుంది. రంగు పోతుంది. ఆ తర్వాత ఆకలితో పోతుంది. ఐదో నంబరు రెండో రోజే పోయింది. అది వాగు సముద్రంలో కలిసేచోట, ఏటా వానాకాలపు మంచినీళ్లను తట్టుకుని బతికిన పగడం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నన్నడిగింది వేడి గురించి ఒక్కటే, నేను దానికే జవాబు చెప్పాను.

తొమ్మిదో రోజుకి పదిహేడో నంబరు ఒక్కటే మిగిలింది. మట్టిరంగులో, నిండుగా, ఏమీ జరగనట్టు.

"ఇది ఎక్కడిది ఎర్రయ్యా?" అంది సువర్చల.

"కాగుమడుగుదండి మేడంగోరూ. సంద్రం ఆటు దిగితే ఆ మడుగులో నీరు కాళ్లు కాలిపోయినట్టుంటాది. నా సిన్నప్పట్నించీ సూత్తన్నాను, ఆ పగడపు సెట్టు అలాగే ఉంది. మా అయ్య దాన్ని ముసలమ్మ అనీవోడు."

ఆవిడ దాని జన్యువులు చదివింది. మిగతా పగడాలు వేడి తగిలాక కంగారుపడి పొయ్యి రాజేసుకుంటాయి. దీనింట్లో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. వేడిని తట్టుకునే జన్యువులు రాత్రనక పగలనక పనిచేస్తూనే ఉంటాయి. తరతరాలుగా మడుగులో ఉడికి ఉడికి, ఉడకనివే మిగిలితే వచ్చిన గుణం అది. అంటే నేను తొమ్మిది రోజుల్లో చేసిన పనిని ఆ మడుగు వేల ఏళ్లుగా చేస్తోందన్నమాట. కాస్త అసూయపడ్డాను.

ప్రయోగశాల ఎదురుగా ఉన్న పగడపు దిబ్బ కిందటి వేసవిలోనే చచ్చిపోయి బూడిదలా పడివుంది. దాని మీద పదిహేడో నంబరు ముక్కలు నాలుగు వందలు నాటాలన్నారు.

అప్పుడు ఎర్రయ్య చేతులు కట్టుకుని నిలబడి అన్న మాట నాకు బాగా గుర్తుంది. "మేడంగోరూ, అన్నీ ఒక్క తల్లి ముక్కలే గదండీ. ఒకదానికి పడందేదో వొస్తే, అన్నిటికీ పడదు గదా?"

"తెలుసు ఎర్రయ్యా. వేరేవాటితో కలిసి పిల్లలు పుడితే తలో రకంగా ఉంటాయి, కొన్నైనా నిలుస్తాయి. కానీ అవి గుడ్లు వదిలేది ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్‌లో. పై ఆఫీసువాళ్ల ఇన్‌స్పెక్షన్ ఫిబ్రవరిలో."

"పోనీ, ముసలమ్మలో సగవైనా అక్కడొగ్గీండి."

"సగానికి రెండు వందలే వస్తాయి. ఆఫీసుకి నాలుగు వందలని రాసేశాం."

సముద్రానికి ఏప్రిల్ ఉంది, ఆఫీసుకి ఫిబ్రవరి ఉంది. ఎర్రయ్య సుత్తీ ఉలీ పట్టుకుని కాగుమడుగుకి వెళ్లాడు. చిన్నప్పటి నుంచి చూసిన చెట్టుని తన చేత్తోనే నాలుగు వందల ముక్కలు చేశాడు. ఆ రోజు అన్నం ముట్టుకోలేదని సువర్చలే ఎవరితోనో చెప్పింది. చెప్పి, తను తింది.

ఫిబ్రవరిలో వచ్చినవాళ్లు పడవలోంచి వంగి చూసి మెచ్చుకుని వెళ్లారు. జూన్‌లో కొండ మీది అడవి కొట్టేసిన చోటు నుంచి వాన నీరంతా బురదతో కలిసి దిబ్బ మీదికి దిగింది. మూడు రోజులు సముద్రం తియ్యగా ఉందట. పదిహేడో నంబరుకి వేడంటే లెక్కలేదు. మంచినీళ్లంటే మాత్రం దానికి చావు. మొదటి ముక్క ఎలా చచ్చిందో నాలుగు వందలూ అలాగే చచ్చాయి, ఒక్కటి కూడా తేడా లేకుండా. ఎందుకుంటుంది తేడా? ఐదో నంబరు ఉంటే తట్టుకునేదేమో. దాన్ని నేను రెండో రోజే ఉడకబెట్టేశాను.

ఇక మిగిలింది నా తొట్టిలో నమూనాగా ఉంచిన ఒక్క ముక్క. ఏసీతో గదిని చల్లబరచి, ఆ చల్లదనం తొట్టికి తగలకుండా నన్ను పెట్టుకున్నారు. మనుషుల తెలివి అలా ఉంటుంది. స్విచ్చు మీద సువర్చల ఎర్ర సిరాతో చీటీ రాసి అతికించింది: "ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపరాదు." ఎర్రయ్య రోజూ పొద్దున్నే వచ్చి ముందు ఆ ముక్కని చూసేవాడు. "బాగున్నావా ముసలమ్మా" అని పలకరించేవాడు. నన్నెవరూ పలకరించలేదు. అయినా దిబ్బ మీద నాటినప్పటి నుంచీ ఎనిమిది నెలలపాటు నేను దాని మీద ఈగ వాలనివ్వలేదు. చంపడం కన్నా కాపాడటం కష్టమని నాకు తెలిసింది అప్పుడే.

దసరా వచ్చింది. ఆయుధపూజ. సూక్ష్మదర్శినికి బొట్టు, ఫ్రిజ్జుకి బొట్టు, పడవ ఇంజనుకి గుమ్మడికాయ. చివరికి ఎర్రయ్య నా దగ్గరికొచ్చాడు. చీటీ చూశాడు. ఆపకూడదన్నారు కాబట్టి ఆపలేదు. నన్ను అలాగే నీళ్లలోంచి పైకి తీసి, తుడిచి, తొట్టి అంచుకి ఆనించి, పసుపు రాశాడు.

"వేడిగున్నావేటి తల్లీ" అన్నాడు, వేలు విదిలించుకుంటూ. మొట్టమొదటిసారి ఒక మనిషి నాతో మాట్లాడాడు.

నీళ్లలో ఉంటేనే నా వేడి నీళ్లలోకి పోతుంది. గాలిలో ఎక్కడికీ పోదు. పసుపు ఆరి, కుంకుమ పెట్టి, హారతిచ్చేలోపు నా రెండు రేకులూ విడిపోకముందే ఎర్రగా కాగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నా బుద్ధి అక్కడితో సరి. కళ్లకద్దుకుని నన్ను జాగ్రత్తగా తొట్టిలో దించి, గది తలుపు వేసి వెళ్లాడు. మర్నాడు పండగ సెలవు.

ముప్ఫై, ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు. ఆగుదామనుకున్నాను. ఆగడానికి నాలో ఏమీ మిగల్లేదు. పదిహేడో నంబరు, వేడికి జంకనిది, నేనే ఎంచి పెట్టిన బిడ్డ, ముప్ఫై ఎనిమిది దగ్గర తెల్లబడింది.

సెలవు తర్వాత తలుపు తీసిన ఎర్రయ్య నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సువర్చల కూడా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, వేడి నమోదు చేసే యంత్రం చూసి, పుస్తకంలో రాసుకుంది: "పదిహేడు తట్టుకునే పైహద్దు: ముప్ఫై ఎనిమిదికి లోపు." పని పనే. హీటరు పాతదైపోయిందన్నారు. బొట్టు సంగతి ఎవరికీ తట్టలేదు.

నన్ను అదే గదిలో బల్ల కింద పెట్టెలో పడేశారు. ప్రభుత్వ వస్తువుని, సంతకాలు పడితే గాని పారేయరు. ఏడాదైంది, సంతకాలు పడలేదు. పెట్టెకి మూత లేదు కాబట్టి అన్నీ చూస్తూనే ఉన్నాను.

ఏడాదంతా ఎర్రయ్య ఆటు దిగినప్పుడల్లా కాగుమడుగుకి వెళ్లి రాళ్లు తిరగేస్తూనే ఉన్నాడు. మొన్న తడిబట్టలతో గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో డబ్బా, డబ్బాలో ఒక చిన్న రాయి, రాయి మీద బొటనవేలి గోరంత మట్టిరంగు. ముసలమ్మే. ఉలి తగలని మూలలో ఒక్క పిసరు మిగిలి, మళ్లీ అల్లుకుంటోంది.

"అక్కడొగ్గేస్తే ఎవుడైనా తొక్కేత్తాడండి. ఇక్కడైతే నా కళ్ల ముందుంటాది" అన్నాడు. సువర్చల అతని చేతులు పట్టుకుంది.

తొట్టి కడిగారు. కొత్త హీటరు పెట్టారు. కుర్రది, నున్నగా మెరుస్తోంది. స్విచ్చు మీద సువర్చల మళ్లీ ఎర్ర సిరాతో కొత్త చీటీ అతికించింది. ఈసారి కింద రెండు గీతలు కూడా గీసింది.

నాకు నోరుంటే ఇప్పుడు అరిచేదాన్ని. నా ఒంటి మీద కిందటేటి కుంకుమ ఇంకా పోలేదు, వంగి చూస్తే కనబడుతుంది. వంగి చూసేవాళ్లు లేరు.

ఇవాళ ఆయుధపూజ. సూక్ష్మదర్శినికి బొట్టు అయింది, ఫ్రిజ్జుకి అయింది. ఎర్రయ్య తొట్టి దగ్గర నిలబడి చీటీ చదువుకున్నాడు. చేతులు కడుక్కుని, గిన్నెలో పసుపు కలుపుతున్నాడు.