పదిహేడో నంబరు బెంచీ

చర్చి వాకిట్లో మంచు దులుపుకుని, బూట్లు గోడవార పెట్టి, ఒవిలా ఉన్ని చెప్పుల్లోకి కాళ్ళు దూర్చాడు. పూజ మధ్యలో బూట్లు కిర్రుమంటున్నాయని పాత ఫాదరు ఒకసారి విసుక్కుంటే, అతని భార్య దెల్వినా పాత కోటు కత్తిరించి కుట్టిన చెప్పులవి. అడుగు అరిగినప్పుడల్లా ఆమే కొత్త గుడ్డ వేసేది. ఆమె పోయిన ఈ తొమ్మిదేళ్ళలో ఆ పని ఒవిలా నేర్చుకున్నాడు. కుట్లు మాత్రం వంకరగా వస్తాయి.

యాభై నాలుగేళ్ళుగా పొద్దున్నే ఇదే వరస. బాయిలర్ వెలిగించడం, పక్క తలుపుల గడియలు తీయడం, నడవ ఊడవడం, మధ్యాహ్నం గంట కొట్టడం. చర్చిలో పూజలు ఆగిపోయి ఏడాది దాటింది. ఊరి పాలకవర్గం దాన్ని తీసుకుని కచేరీలకూ, పెళ్ళి విందులకూ, ముసలివాళ్ళ పేకాటకూ పనికొచ్చే హాలుగా మారుస్తోంది. ఒవిలాను మాత్రం ఉండమన్నారు. ఎందుకు ఉండమన్నారో అని అతనికి అనుమానం. ఏ తాళం ఎక్కడిదో తెలిసినవాడు తనొక్కడే. ఆ సంగతి రాబట్టుకున్నాక పొమ్మంటారు.

లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. ఒకటి కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి.

ఒవిలా స్తంభం చాటున నిలబడి చూశాడు. క్యూబెక్ నగరం నుంచి వచ్చిన కోరీన్ అనే అమ్మాయి. హాల్లో శబ్దం ఎలా పలుకుతుందో చూడడం ఆమె పని. చప్పట కొట్టి, తల ఒక పక్కకు వాల్చి విని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. చప్పట్లు కొట్టడం ఒక ఉద్యోగమంటే అతను నమ్మలేదు. ఏ గోడ డొల్లగా ఉందో, దేన్ని పడగొట్టొచ్చో చూసుకుంటోంది కాబోలు.

ఆమె వెనక్కి తిరిగి ఉలిక్కిపడింది.

“అమ్మో, ఎప్పుడొచ్చారండీ? అడుగుల చప్పుడే లేదు.”

“ఇక్కడ అడుగుల చప్పుడు చెయ్యకూడదమ్మాయ్.”

“గంట గదికి వెళ్ళే తలుపు తాళంచెవి దొరికిందా?”

“లేదు.”

అది అతని చొక్కా కింద, మెడలో దారానికి వేలాడుతోంది. పైకి ఎక్కనిస్తే గంట నాలుక కట్టేస్తారు. పాట మధ్యలో గంట మోగితే పట్నం వాళ్ళు ఊరుకుంటారా?

బెంచీల బోల్టులు విప్పుతున్న వడ్రంగి గస్తాన్ తలెత్తాడు. “ముప్పై తాళంచెవుల గుత్తిలో అదొక్కటే పోయిందా పెద్దాయనా? రేపు స్వర్గం తాళాలు మీ చేతికిస్తే మేమంతా బయటే చలికి చావాలి.”

“నువ్వెలాగూ బయటే ఉంటావులే గస్తాన్. ఫాదరు ఉపదేశం మొదలవగానే మీ నాన్న పొగతాగడానికి మెట్ల మీదకి పోయేవాడు. నేను చూళ్ళేదనుకున్నాడు.”

గస్తాన్ నవ్వుతూ మళ్ళీ బోల్టు మీదికి వంగాడు.

అప్పుడు కనబడ్డాయి ఒవిలాకు రిబ్బన్లు. నీలం రిబ్బన్లు, పది పన్నెండు బెంచీల చివర్లకు ముడేసి ఉన్నాయి. పదిహేడో నంబరుకు కూడా.

ఆ గుర్తు సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనకటి రోజుల్లో ఈ చర్చిలో ప్రతి బెంచీ ఒక కుటుంబానిది. ఏటేటా అద్దె కట్టాలి. కట్టలేని వాళ్ళ బెంచీకి క్రిస్మస్ ముందు నల్ల గుడ్డపీలిక కట్టేవారు. తర్వాతి ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఆ బెంచీ వేలం. ఆ పీలికలు కట్టింది ఒవిలానే. అతను పనిలో చేరిన మొదటి ఏడాది పీలిక కట్టిన బెంచీల్లో పదిహేడో నంబరు కూడా ఉంది. అది దెల్వినా నాన్నది. ఆ ఇంటివాళ్ళు గుమ్మంలోంచే చూసి, వెళ్ళి వెనక గంట తాడు దగ్గర నిలబడ్డారు. రెండేళ్ళు ఆదివారం ఆదివారం దెల్వినా ఆ తాడుకు అవతల, అతను ఇవతల. మొదటి ఏడాది ఆమె అతని మొహం చూడలేదు. రెండో ఏడాది చలికాలంలో, “నీ చేతులు పగిలాయి, వెన్న రాసుకో” అంది.

పెళ్ళయిన నెలకు అతను పదిహేడో నంబరును మళ్ళీ అద్దెకు తీసుకున్నాడు, ఆమె కోసం. ఆమె అక్కడ కూర్చునేది. అతను తాడు దగ్గర నిలబడేవాడు. ఆ బెంచీ మీద అతను ఒక్కసారీ కూర్చోలేదు.

ఇప్పుడు దాన్ని తీసేస్తారన్నమాట. ఒవిలా చుట్టూ చూశాడు. గస్తాన్ వీపు ఇటుంది. కోరీన్ పాటగాళ్ళ మేడ మెట్లెక్కుతోంది. అతను చీపురు బెంచీకి ఆనించి, నీలం రిబ్బను విప్పి, పద్దెనిమిదో నంబరుకు కట్టాడు. అది నోటరీగారి కుటుంబానిది. ఆ రోజు వేలంలో పదిహేడును పాడుకున్నది వాళ్ళే.

పన్నెండింటికి గంట కొట్టాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతోంది, తాడు లాగినప్పుడు ఇంకా పట్టేసింది. కోరీన్ పక్కనే నిలబడి వింది.

“ఎవరైనా పోతే ఎలా కొడతారండీ?”

“మగవాడికి మూడేసి, మూడుసార్లు. ఆడమనిషికి రెండేసి.”

“మధ్యలో ఎంతసేపు ఆగాలి?”

“ఒక పరలోకజపం చెప్పుకునేంతసేపు.” చెప్పాక అనుమానం వచ్చింది. “ఎందుకు రాసుకుంటున్నావ్?”

“మీరు సెలవు పెడితే ఎవరు కొడతారు మరి?”

సెలవు అన్న మాట అతనికి నచ్చలేదు. బాయిలర్ గదిలో బఠాణీ సూపు సగమే తాగి, గోడకు చేరగిలబడ్డాడు. కళ్ళు తెరిచేసరికి పైన బరువైనవేవో ఈడుస్తున్న చప్పుడు.

పైకి వచ్చి చూస్తే నడవంతా ఖాళీ. గోడల వెంబడి రిబ్బన్లున్న బెంచీలు మాత్రం మిగిలాయి. పద్దెనిమిదో నంబరు దర్జాగా కిటికీ కింద ఉంది.

“రిబ్బన్లు కట్టినవి తీసుకెళ్ళలేదేం?” అన్నాడు.

“అవి ఉంచేవి పెద్దాయనా. గట్టివి ఏరి ఆ అమ్మాయే కట్టింది,” అన్నాడు గస్తాన్. “మిగతావి పట్నంలో హోటలు వాళ్ళు కొనుక్కున్నారు. అదిగో, లారీ కదలబోతోంది.”

ఒవిలా బూట్ల కోసం ఆగలేదు. ఉన్ని చెప్పులతోనే మెట్లు దిగి, మంచులో పడుతూ లేస్తూ లారీ ముందుకెళ్ళి రెండు చేతులూ చాపాడు. డ్రైవరు ఏదో తిట్టాడు. కోరీన్, గస్తాన్ వెనకే పరిగెత్తుకొచ్చారు.

“పదిహేడు,” అన్నాడు ఒవిలా ఊపిరి అందక. “దానికీ రిబ్బను కట్టారు. నేనే విప్పాను. నోటరీ వాళ్ళదానికి కట్టాను.”

“ఎందుకూ?”

“తీసేస్తారనుకున్నాను.”

గస్తాన్ నవ్వబోయి అతని మొహం చూసి మానుకున్నాడు. లారీ ఎక్కి, మిగతా బెంచీల అడుగున పడ్డ దాన్ని లాగలేక రెండు మాటలు గొణిగి, డ్రైవరుతో కలిసి పదిహేడో నంబరును దింపాడు. తెచ్చి నడవ మధ్యలో పెట్టారు.

“గోడకు రేపు బిగిస్తా. ఇవాళ నా నడుం పోయింది,” అని గస్తాన్ పనిముట్లు సర్దుకోసాగాడు.

ఒవిలా మెడలోంచి దారం తీసి కోరీన్ చేతిలో పెట్టాడు. తాళంచెవి వెచ్చగా ఉంది.

“నాలుక కట్టెయ్యరు కదా?”

“గంట మోగాకే మొదటి కచేరీ మొదలుపెట్టాలి. పాలకవర్గం కాగితంలో నేనే రాయించాను,” అందామె. “మీరు కాసేపు ఇక్కడ కూర్చుంటారా? ఖాళీ హాలు నిజం చెప్పదు. మనిషి ఉంటే పాట వేరుగా వినిపిస్తుంది.”

అతను బెంచీ వంక అనుమానంగా చూశాడు, మోస్తుందో లేదో అన్నట్టు. తడిసిన చెప్పులు విప్పి కింద పెట్టుకుని, దెల్వినా కూర్చునే కొసన కాకుండా, పక్కన కూర్చున్నాడు.

కోరీన్ మేడ ఎక్కి పాడింది. ఒక పాట కాదు, ఒక్కో స్వరమే, కింది నుంచి పైకి.

“అక్కడికి వినిపిస్తోందా అండీ?” అని మేడ మీద నుంచి అడిగింది.

జవాబు రాలేదు. ఇంకోసారి అడిగి, కిందకి వచ్చింది. అతని తల కొద్దిగా ఖాళీ చోటు వైపు వాలి ఉంది. గస్తాన్ టోపీ తీసి, అతని మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

డాక్టరుకు ఫోను చేశాక ఆమె గంట తాడు దగ్గరికి వెళ్ళింది. మూడు కొట్టి ఆగింది. గస్తాన్ పెదవులు కదిలాయి. అవి ఆగాక మళ్ళీ మూడు. మళ్ళీ మూడు.

పదిహేడో నంబరు బెంచీ కింద ఉన్ని చెప్పులు జతగా ఉన్నాయి, వంకర కుట్లలోంచి మంచునీళ్ళు చెక్కనేల మీదికి మెల్లగా దిగుతున్నాయి.