మూత దగ్గర మనిషి

చారోని జబ్బలు పట్టుకుని పడవ అడుగు నుంచి పైకి లాగేసరికి అతని పెదవులు నేరేడు పండు రంగుకి తిరిగాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఏసీ గొట్టాలు తోమే బ్రష్షు మాత్రం పిడికిట్లో బిగిసి ఉంది.

"తాగి దిగాడు," అన్నాడు కాంట్రాక్టరు స్వాలే, దూరంగా నిలబడే. "మొహాన నీళ్లు కొట్టండి."

దమ చేతిలోని ఫిల్టరు జారి పడింది. చారో ఆమె మరిది. వీపున కట్టుకున్న పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

కిలిఫీ ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో లంగరేసిన షికారు పడవలన్నింటికీ ఏసీలు కడిగేది వీళ్లే. ఆడవాళ్లు పైన ఫిల్టర్లు, నీళ్లు కారే పళ్లేలు కడుగుతారు. మగవాళ్లు అడుగుకి దిగి, సముద్రపు నీటిని లోపలికి లాగే జాలీల్లో ఇరుక్కున్న నాచూ గుల్లలూ గీకుతారు. ఉప్పు పేరుకున్న గొట్టాలు తోముతారు. అక్కడ నిటారుగా కూర్చోడానికి కూడా చోటుండదు. ఎక్కడన్నా గొట్టం చిట్లిందా, చల్లదనమిచ్చే ఆ గ్యాసు వాసనైనా లేకుండా వచ్చి, గాలిని నెట్టేసి, నీళ్లలా అడుగున నిలుస్తుంది. అందుకే ఈ పనిలోకి వచ్చినవాళ్లకి మొదట నేర్పేది ఒకటే. పైన, అడుగుకి దిగే కంత మూత దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. "ఉన్నావా?" అని అరుస్తూ ఉండాలి. కింద నుంచి "ఉన్నా!" అని రావాలి, అది వినేదాకా కదలకూడదు. రాలేదా, లాగెయ్యాలి.

చారోకి ఆ మనిషి దమ. పిల్లకి పాలిస్తూనే అరిచేది. అతను ఊరికే పలికే రకమా!

"ఉన్నా వదినా! నాకు పెళ్లి చేసేదాకా పోను!"

"నీకు పిల్లనిచ్చే గుడ్డివాడు ఇంకా పుట్టలేదు లేరా!"

ఆ పొద్దున స్వాలే ఆమెని అక్కణ్ణుంచి లేపేశాడు. "కూర్చోడానికి కూలెవడిస్తాడే? పో, ఫిల్టర్లు కడుగు."

చారో బతికాడు. కానీ మాటకీ మాటకీ మధ్య ఆయాసం. తాగుబోతని పేరు పెట్టి స్వాలే అతన్ని పనిలోంచి తీసేశాడు.

మర్నాడు జీడిమామిడి చెట్టు కింద అందరూ కూడారు. టీ చల్లారిపోతోంది, ఎవరూ ముట్టలేదు.

"షికార్ల సీజను మొదలవుతోంది," అన్నాడు కాహిందీ. చారోతోపాటు అడుగుకి దిగేవాడే. "మనం దిగమంటే స్వాలే మొంబాసా పట్నం నుంచి వేరేవాళ్లని దింపుతాడు. చంటిపిల్ల తల్లివి దమా, నీకెందుకివన్నీ?"

దమకీ ఆ లెక్క తెలుసు. పని పోతే తనేం తినాలి, పిల్లకి పాలెక్కణ్ణుంచి రావాలి? అయినా లేచింది.

"నాకూ భయమే అన్నా. నాకొక్కదానికే అనుకున్నా. ఇక్కడ అందరి మొహాల్లోనూ అదే ఉంది. వేరేవాళ్లొస్తే రానీ, వాళ్లవీ ఊపిరితిత్తులే. వాళ్లకీ చెప్దాం. మూత దగ్గర మనిషి లేకుండా ఏ పడవలోనూ ఎవరూ దిగకూడదు. చారో ఇక దిగలేడు, కూర్చోగలడు. ఆ పని వాడికివ్వాలి, కూలీ ఇవ్వాలి."

"స్వాలే ఒప్పుకోడు," గొణిగాడు కాహిందీ.

"రేపు నీ ఊపిరాగితే స్వాలే వచ్చి ఊదుతాడట్రా?" అంది సీదీ పెద్దమ్మ. పళ్లేలు కడిగీ కడిగీ వేళ్లు వంకర్లు పోయిన ముసలామె. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కాహిందీ తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఏ పడవ పనివాళ్లు ఆ పడవ మూత తెరిచి, చుట్టూ కూర్చున్నారు. ఒక్కరూ దిగలేదు. సాయంత్రానికి అతిథులొచ్చే పెద్ద పడవలో దమ కూర్చుంది.

స్వాలే చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏమిటే ఈ పేరంటం? లోపల ఉడికిపోతోంది! దిగండి!"

"చారోని కూర్చోబెట్టండి, దిగుతాం."

"కింద ఏముందే, దయ్యమా? ఏమీ లేదు!"

"ఏమీ లేకపోతే నువ్వే దిగు బాసూ," అంది దమ. "పైన నేను కూర్చోను. ఫిల్టర్లు కడుక్కుంటా."

పక్క పడవల దాకా నవ్వులు పాకాయి. స్వాలే ఆ చీకటి కంతలోకి తొంగి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అది అందరూ చూశారు.

మధ్యాహ్నానికి పోలీసు పడవ వచ్చింది. స్వాలే దమ వైపే వేలు చూపించాడు.

"లే," అన్నాడు పోలీసు.

"పిల్లకి ఆకలి. ఆగు."

వీపున ఉన్న పిల్లని ముందుకి తిప్పుకుని, మూత పక్కనే కూర్చుని పాలిచ్చింది. తుపాకీ భుజాన వేసుకుని పోలీసు ఎటు చూడాలో తెలియక సముద్రం వైపు తిరిగి ఎండలో నిలబడ్డాడు. పిల్ల మాత్రం తొందరేమీ లేకుండా తాగింది. తర్వాత పిల్లని మళ్లీ వీపున కట్టుకుని, తనే పోలీసు పడవలోకి దిగింది.

ఆమె లేచిన చోటు ఖాళీగా లేదు. కాహిందీ వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు కూడానా?" అరిచాడు స్వాలే.

కాహిందీ ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

పోలీసు పడవ కదిలింది. పాయ మధ్యలో దమ లేచి నిలబడి గొంతెత్తింది.

"ఉన్నారా?"

"ఉన్నాం!" పెద్ద పడవలోంచి కాహిందీ గొంతు ముందు. వెంటనే ఆ పక్క పడవ, దాని పక్క పడవ. సీదీ పెద్దమ్మ కీచు గొంతు. నీళ్ల మీద ఆ కేక ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయింది.

"కూర్చో!" అన్నాడు పోలీసు.

ఆమె కూర్చోలేదు. వింటోంది. ఇంకొక గొంతు రావాలి. ఆ పనిలో నేర్పేది అదే కదా, జవాబు వచ్చేదాకా కదలకూడదని.

ఒడ్డున, జీడిమామిడి చెట్టు కింద నుంచి, అందరి తర్వాత, ఆయాసపడుతూ వచ్చింది.

"ఉన్నా... వదినా!"