ముఖం వీధి వైపు

కంచె కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. కట్టింది ఇద్దరు: ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ, ఆవిడ అన్న. ఆవిణ్ణి వీధంతా పిన్ని అనే పిలుస్తుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు ఉదయం ఏడున్నరకు ఐదుగురు పిల్లల్ని అక్కడ దింపి, సాయంత్రం తీసుకెళ్తారు. ఆ పనికి లైసెన్సు ఉండాలి. నెలాఖరుకు దాని గడువు తీరుతుంది. ఇంటి ముందు తోటకు కంచె లేకపోతే కొత్తది ఇవ్వబోమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

అన్న నలభై ఏళ్లు అల్మారాలు చేశాడు. మోకాళ్లు అరిగాక మానేశాడు.

"ఇనుప జాలీ చుట్టేస్తే ఒక్క పూటలో అయిపోతుంది," అన్నాడు మొదట.

"జాలీ వద్దన్నయ్యా, కోళ్ల ఫారంలా ఉంటుంది. చూడ్డానికి బాగుంటే ఇంకో ఇద్దరు పిల్లలైనా వస్తారు."

"చేతిలో ఉన్నదేమో కోళ్ల ఫారానికే చాలదు. అడిగేదేమో అంతఃపురం."

టైల్స్ డిపోలో సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లను వాచ్‌మన్ ఊరికే ఇచ్చాడు. తోపుడు బండి మీద ఏడు విడతల్లో తెచ్చారు. అన్న పలకలు ఊడదీశాడు. చెల్లెలు వంగిన మేకుల్ని రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసింది. పెయింట్ షాపులో రంగు తప్పు కలిపి పక్కన పడేసిన డబ్బాలు మూడు దొరికాయి. పలకల తలలు గుండ్రంగా కోయడానికి అన్న ఆ డబ్బా మూతనే కొలతగా పెట్టుకున్నాడు.

ఆఫీసు కాగితం రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. ఆవిడ చదివి వినిపించింది: "లోపలి వైపు పిల్లలు కాలు పెట్టి ఎక్కే ఆధారమేదీ ఉండరాదు."

"మనమేమైనా మెట్లు కడుతున్నామా?" అన్నాడు అన్న.

ఆవిడ అది తోట మూలనున్న ఇటుకల కుప్ప గురించి అనుకుంది. ఇటుకలు తీయించేసింది.

నిలువు పలకల్ని పట్టి ఉంచడానికి మూడు అడ్డపట్టీలు కావాలి. అవి ఎటు రావాలన్న ప్రశ్న అన్నకు రానేలేదు. అల్మారాకు ముఖం మనుషుల వైపు, వీపు గోడ వైపు. కంచెకు ముఖం వీధి వైపు. పట్టీలు తోట వైపు వచ్చాయి: జానెడు ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి. లోపలికి పొడుచుకొచ్చిన మేకు కొనల్ని వంచి, చెక్కలోకి దిగేలా కొట్టాడు.

"ఇక చచ్చినా ఊడదు," అన్నాడు.

గురువారం పది గంటలకు ఆఫీసు నుంచి అధికారిణి తనిఖీకి వచ్చింది. వీధిలో నిలబడి టేపు పెట్టి ఎత్తు కొలిచింది. పలకల మధ్య సందులో రెండు వేళ్లు పెట్టి చూసింది. రెండింటికీ టిక్కులు పెట్టింది.

"బాగుందండీ. ఎవరు చేశారు?"

"మా అన్నయ్య."

అన్న చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. ఆమె గేటు తీసుకుని తోటలోకి వచ్చింది. అక్కడ పెన్ను ఆగింది.

"ఈ పట్టీలు లోపలికి ఎందుకొచ్చాయి?"

"అటు పెడితే బయటికి కనిపిస్తాయి కదమ్మా. చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు అన్న.

బేకరీలో పనిచేసే అమ్మాయి కూతురు, నాలుగేళ్లది, బంతి పట్టుకుని చూస్తోంది. అధికారిణి ఆ బంతి అడిగి తీసుకుని కంచె అవతల పడేసింది. పిల్ల మొదటి పట్టీ మీద కాలు పెట్టింది. తర్వాత రెండోది, మూడోది. పొట్ట పలకల మీద ఆనించి అటు కాలు వేయబోతుంటే ఆమె నడుం పట్టుకుని దించింది.

"నేనే తెచ్చేదాన్ని పిన్నీ!" అంది పిల్ల.

"సరిచేసి మళ్లీ అర్జీ పెట్టండి," అంది అధికారిణి. "నేను ఇటు మళ్లీ వచ్చేది ఆరు వారాలకి. గడువు తీరాక అప్పటిదాకా పిల్లల్ని ఉంచుకోకూడదు."

ఆమె వెళ్లాక అన్న, "పైన పటారం, లోన లొటారం," అన్నాడు. చెల్లెలు లోపలికెళ్లి కడ్డీ తెచ్చింది.

ఆ మధ్యాహ్నమే పక్కింటి వైపు నుంచి ఊడదీయడం మొదలుపెట్టారు. వంచి కొట్టిన మేకులు రాలేదు. కడ్డీ పెట్టి ఎత్తితే పలక చీలింది. సాయంత్రానికి పదకొండు పలకలు ఊడాయి, ఏడు చీలాయి. డిపోకి వెళ్తే, ప్యాలెట్లన్నీ కంపెనీకి తిప్పి పంపమన్నారని వాచ్‌మన్ చెప్పాడు. లోపలి వైపు రేకు కొడదామన్నాడు అన్న. కాగితం చూస్తే రేకు అంచులు కూడా ఉండకూడదని ఉంది. ప్లైవుడ్ ధర విని ఆవిడ షాపు మెట్లు దిగింది.

"ఆరు వారాలు సెలవంటే మా ఓనరు ఊరుకోడు పిన్నీ," అంది బేకరీ అమ్మాయి. "ఆరు గంటలు సెలవడిగితేనే మొహం మాడ్చుకుంటాడు. దీన్ని వేరే చోట చేర్పించక తప్పదు."

"తెలుసమ్మా. నేనేమీ అనుకోను."

"ఇదేమో నిన్నటి నుంచి ఒకటే ఏడుపు. బంతి కోసం ఎక్కడం వల్లే పిన్ని ఇల్లు మూసేస్తున్నారా అని."

"దాని తప్పేం లేదని చెప్పు."

"చెప్పాను. నమ్మట్లేదు."

నెలాఖరు రోజున ఆవిడ ఐదు సంచుల్లో బట్టలు, దుప్పట్లు సర్ది ఎవరివి వాళ్లకిచ్చింది. మర్నాడు పొద్దున అన్న మళ్లీ కడ్డీ పట్టుకుని వచ్చాడు.

"పిల్లలే లేరు కదన్నయ్యా."

"వస్తారులేవే. కంచె ఉంటే వస్తారు."

"కొత్త చోట అలవాటు పడ్డాక ఇక్కడికెందుకొస్తారు?"

అతను మోకాళ్ల మీద కూర్చుని కడ్డీ దూర్చాడు. ఇంకో పలక చీలింది.

పదిన్నరకు వీధిలో ఒకామె పాపను ఎత్తుకుని ఆగింది.

"రోజూ బస్సులోంచి చూస్తున్నానండీ, ఎంత ముచ్చటగా ఉందో! ఇక్కడ పిల్లల్ని చూస్తారటగా?"

"చూసేదాన్ని."

"వచ్చే వారం డ్యూటీలో చేరాలి. మా పాపని..."

"ఇప్పుడు తీసుకోవట్లేదమ్మా."

ఆమె కదల్లేదు. పాపను ఇంకో చంకకు మార్చుకుంది. "మరి ఇంకెక్కడైనా చెప్పండి, పుణ్యముంటుంది."

పిన్ని గేటు దగ్గరికి వచ్చింది. తన పిల్లలు ఐదుగురూ చేరిన చోటు చెప్పింది. రెండు స్టాపులు, దిగి ఎడమ వైపు, మందుల షాపు దాటాక మూడో ఇల్లు.

"ఇవాళే వెళ్లండి," అంది. "ఇంకొక్క ఖాళీయే ఉందన్నారు."